చంద్రగిరి వెళ్లొచ్చాం: నా పోయిన జన్మ, పిన్ని మోకాళ్లు

ముందే చెప్పేస్తాను, నవ్వుకుంటే నవ్వుకోండి. పోయిన జన్మలో నేను టిబెట్‌లో పుట్టి ఉంటానని పదేళ్లుగా నాకో అనుమానం. మాది బరంపురం. నేత వీధిలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. టిబెట్‌తో మాకున్న సంబంధమల్లా చలికాలంలో వాళ్లొచ్చి వరసగా కొట్లు వేసి అమ్మే స్వెట్టర్లే. అయినా వాళ్ల గుళ్లలో ఊదే పొడుగు బూరల మోత టీవీలో వినిపిస్తే చాలు, చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఎందుకో తెలీదు. మా ఆయనకి చెబితే బీపీ చూపించుకోమన్నారు.

పోనీ టిబెట్ దూరమా అంటే, మా ఇంటికి ఎనభై తొంభై కిలోమీటర్లే. గజపతి జిల్లా చంద్రగిరి కొండల్లో వాళ్ల ఊళ్లున్నాయి. 1959లో దలైలామా దేశం విడిచి వచ్చాక వెనకే వచ్చినవాళ్లలో కొందరికి 1963లో ఇక్కడ చోటిచ్చారు. దానికి ఫున్‌త్సోక్‌లింగ్ అని పేరు పెట్టుకున్నారు. మనవాళ్లకి మాత్రం అవి క్యాంపులు, ఒకటో నంబరు, రెండో నంబరు. ఇంత దగ్గరుండి ఇన్నేళ్లు వెళ్లలేదంటే ఒకటే భయం. తీరా వెళ్తే ఏమీ అనిపించకపోతే?

ఈ ఫిబ్రవరిలో పలాస నుంచి పిన్ని దిగింది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, తప్తపాణిలో వేడినీళ్ల స్నానం చెయ్యాలి. నాకు పోయిన జన్మ చూసుకోవాలి. రెండూ ఒకే రోడ్డు మీదున్నాయి. కారు మాట్లాడుకుని బయల్దేరాం.

తప్తపాణి బరంపురం నుంచి సుమారు 50 కిలోమీటర్లు. దిగపహండి దాటాక కొండ దారి మొదలవుతుంది. ఊట దగ్గర గంధకం వాసన, పిన్ని భాషలో కుళ్లిన గుడ్డు వాసన. ఊట పక్కనే కంధుణి దేవి ఉంటుంది, ముందు ఆవిడకి దణ్ణం పెట్టుకోవాలి. ఆ నీళ్లనే కిందున్న కొలనులోకి వదులుతారు, స్నానాలు అక్కడ. పెద్దవాళ్లని తీసుకెళ్తే పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కితే జనం, పైగా మెట్లు తడిగా ఉంటాయి. బట్టలు మార్చుకోవడానికి, కాసేపు నడుం వాల్చడానికి పక్కనున్న టూరిస్టు బస పాంథనివాస్‌లో గది తీసుకుంటే సుఖం. పిన్ని అరగంట నీళ్లలో కూర్చుని లేచి, "మోకాళ్లు నావి కావన్నట్టున్నాయే" అంది. ఈ యాత్రలో పూర్తి మార్కులు తప్తపాణికే. మధ్యాహ్నానికల్లా నొప్పి మళ్లీ వచ్చింది, అది వేరే సంగతి.

అక్కణ్ణుంచి ఇంకో 35 కిలోమీటర్లుంటుందేమో చంద్రగిరి. దారంతా చింతచెట్లు, మొక్కజొన్న కోసేసిన చేలు, నడుమ నడుమ సవర గిరిజనుల ఊళ్లు. ఒక మలుపులో ఉన్నట్టుండి చెట్టుకీ చెట్టుకీ మధ్య రంగు జెండాలు. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, అదే వరస. మన పంచభూతాలే. నా గుండె దడదడ కొట్టుకుంది. "ఏమే, వాంతి వస్తోందా?" అని పిన్ని కారు ఆపించబోయింది.

చంద్రగిరి దగ్గరి జిరంగ్‌లో ఉన్నది వాళ్ల బౌద్ధ ఆరామం, పద్మసంభవ మహావిహారం. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. తూర్పు భారతంలో ఇంత పెద్దది లేదంటారు. ఎనిమిదో శతాబ్దంలో టిబెట్‌కి బౌద్ధాన్ని తీసుకెళ్లిన పద్మసంభవుడు ఒడిశావాడేనని ఇక్కడ గట్టి నమ్మకం. ఆయన పుట్టిన ఉడ్డియానం పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ అని వాదించే పండితులూ ఉన్నారు. ఒక మనిషి పుట్టిన ఊరి మీదే పన్నెండు వందల ఏళ్లుగా తేలలేదు, నా పోయిన జన్మ ఒక మధ్యాహ్నంలో తేలుతుందా!

ఉన్నమాట చెప్పాలి. ఆ పెద్ద హాల్లో నాకేమీ అనిపించలేదు. బంగారు బుద్ధుడు, గోడల నిండా బొమ్మలు, నేల అద్దంలా ఉంది. అన్నీ బాగున్నాయి. కానీ ఆదివారం కావడంతో సెల్ఫీల జనం, పిల్లల పరుగులు. మా కుల సంఘం వనభోజనాలకి వచ్చినట్టే ఉంది. మీరు వెళ్తే ఆదివారం తప్పించండి. ఇంకో మాట. అక్టోబరు నుంచి జనవరి దాకా ఇక్కడి కుటుంబాలు చాలావరకు స్వెట్టర్ల వ్యాపారానికి ఊళ్ల మీద ఉంటాయి. ఇళ్లకి తాళాలే కనిపిస్తాయి. వాళ్ల కొత్త సంవత్సరం లోసార్ ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది. ఆ రోజులకి అటూ ఇటూ వెళ్తే మనుషులు దొరుకుతారు.

రాత్రి ఆరామం దగ్గరి అతిథి గృహంలోనే ఉన్నాం. మంచం, రగ్గు, శుభ్రమైన బాత్రూం. అంతకుమించి ఆశించకండి. ముందుగా ఫోన్ చేసుకుని వెళ్లండి, చేతిలో నగదు ఉంచుకోండి. ఫోన్ సిగ్నల్ వస్తే వచ్చింది, లేకపోతే లేదు. చలి మాత్రం బరంపురం మనుషులు తట్టుకునేది కాదు. తిండికి దగ్గర్లో చిన్న హోటళ్లున్నాయి. మోమోలు మా ఊళ్లో బండి మీదవాటి కంటే గొప్పగా ఏం లేవు. థుక్పా, అంటే నూడుల్స్ సూపు, బాగుంది, పొగలు కక్కుతూ, పల్చగా, జ్వరం వచ్చినవాళ్లకి పెట్టే చారులా. వెన్న టీ ఒక్క గుక్క తాగి పిన్ని గ్లాసు దింపేసింది. "పంచదారకి బదులు ఉప్పు వేశారు, వెళ్లి చెప్పు."

తెల్లారగట్ల, ఇంకా చీకటుండగానే, బూరలు మోగాయి.

టీవీలో వినడం వేరు. ఇది చెవిలో పడదు, పక్కటెముకల్లో పడుతుంది. రగ్గు కప్పుకుని వరండాలో నిలబడి ఏడ్చాను. అర్థం లేని ఏడుపు. ఎవరో చాలాకాలం క్రితం పేరు పెట్టి పిలిచినట్టు, అప్పుడు పలకనట్టు. దీన్ని ఇంతకంటే చెప్పలేను. పిన్ని లేచి వచ్చి పక్కన నిలబడింది. ఏమీ అడగలేదు.

ఆ పొద్దున్న తివాచీలు చూద్దామని క్యాంపులో ఒకరింటికి వెళ్తే, అక్కడి ముసలావిడ లోపల కూర్చోబెట్టి త్సాంపా పెట్టింది. వేయించిన బార్లీ పిండి అది. గిన్నెలో అడుగున కొంచెం వెన్న టీ ఉంచి, పైన పిండి పోసి, ఒక చేత్తో గిన్నె తిప్పుతూ రెండో చేతి వేళ్లతో అంచుల నుంచి లోపలికి తోస్తూ కలపాలి. పిండి ఒలకకూడదు, ఉండ కట్టకూడదు. నా చెయ్యి దానంతటదే తిరిగింది. రెండు నిమిషాల్లో నున్నటి ముద్ద. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చూసి, ఎవరు నేర్పారని ఒడియాలో అడిగింది. నా ఒళ్లు జలదరించింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"ఒకళ్లు నేర్పేదేంటి," అంది పిన్ని తెలుగులో, గోడకి జారబడి. "ఏటా నాగులచవితికి చలిమిడి కలిపే చెయ్యేగా అది."

ఆ మాట ఒడియాలోకి మార్చి చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఆఖరికి ఒక లామాగారు, అంటే వాళ్ల బౌద్ధ గురువు, దొరికారు. యాభై దాటి ఉంటాయి. పుట్టింది క్యాంపులోనే, ఒడియా మా గంజాం యాసలో మాట్లాడతారు. సిగ్గు విడిచి అడిగేశాను, నేను పోయిన జన్మలో మీవాళ్లలో ఒకదాన్నేమో అని. ఆయన నవ్వలేదు. వచ్చేవాళ్లు చాలామంది అలాగే అంటారట. అందరూ లామానో రాణినో అయి ఉంటామంటారు గానీ జడలబర్రెలు కాసుకున్నానన్నవాళ్లు ఇంతవరకూ తగల్లేదట. "మాలో ఎవరూ నేను ఫలానా అని తమంతట తాము చెప్పుకోరమ్మా. వేరేవాళ్లు వెతుక్కుంటూ వచ్చి పరీక్ష పెడతారు." ఇప్పటి దలైలామాకి రెండేళ్లప్పుడు, 1937లో, వెనకటి దలైలామా జపమాలలు, డమరుకాల్లాంటివి ఇతరుల వస్తువులతో కలిపి ముందు పెడితే, సరైనవే ఏరుకున్నారట. చలిమిడి ముద్ద ఆ పరీక్షలో నిలవదని అర్థమైంది.

తర్వాత, మీరు తెలుగువాళ్లా అని అడిగి, ఆయనే మమ్మల్ని ఒక బొమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. గుడ్డ మీద వేసిన థంకా. కూర్చున్న సన్యాసి, తల వెనక పాము పడగలు. పిన్ని చప్పున చెప్పులు ఉన్నాయేమో కాళ్లు చూసుకుని, "సుబ్రహ్మణ్యేశ్వరుడు" అని దణ్ణం పెట్టేసింది. కాదు, నాగార్జునుడు. వాళ్ల భాషలో లుద్రుప్. మన నాగార్జునకొండ ఎవరి పేరు మీద ఉందో ఆయనే. ఇక ధాన్యకటకం, అంటే మన అమరావతి, కాలచక్ర తంత్రమనే వాళ్ల దీక్షా విద్యని బుద్ధుడు మొదట బోధించిన చోటని వాళ్ల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు ఈయనా వెళ్లారట. కృష్ణ ఒడ్డున నిలబడితే, ఈ చోటు నాకు తెలుసు కదా అనిపించిందట. "మీరు మా దేశం వచ్చి ఏడ్చారు, నేను మీ దేశం వెళ్లి ఏడ్చాను, లెక్క సరిపోయింది," అన్నారు. అప్పుడు నేర్చుకున్న తెలుగు ముక్క ఒకటుంది, చెప్పమంటారా అని అడిగి, గొంతు సవరించుకుని చెప్పారు. "జరగండి, జరగండి, కొంచెం జరగండి."

వచ్చేటప్పుడు మోహనా మీదుగా పర్లాకిమిడికి దిగాం. దారి అందం, కుదుపులు రెండూ ఎక్కువే. ఒకచోట సవర ఆడవాళ్లు రోడ్డు పక్కన చింతపండు పెట్టుకుని కూర్చున్నారు. పిన్ని బేరమాడుతుంటే నాకొక సంగతి తట్టింది. ఈ రెండ్రోజుల్లో ఎన్ని సవర ఊళ్లు దాటానో. ఒక్కచోట కూడా, పోయిన జన్మలో నేను ఇక్కడ పుట్టానేమో అనిపించలేదు. బంగారు కప్పు, బూరలు ఉన్నచోటే అనిపిస్తుందన్నమాట. ఆ తర్వాత చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను, జెండాల కోసం కాదు.

పర్లాకిమిడిలో బస చేసిన లాడ్జి పేరు చెప్పను. గీజరు ఉందన్నారు, ఉంది, గోడకి. దుప్పటి మార్చమంటే తిరగేసి వేశాడు కుర్రాడు. కారువాడు ఒప్పుకున్నదాని మీద ఆరొందలు అదనంగా అడిగి నాలుగొందలకి దిగాడు. మాట్లాడుకునేటప్పుడే వెయిటింగు, రాత్రి బత్తా అన్నీ కాగితం మీద రాయించుకోండి. ఊరు మాత్రం మన ఊరిలాగే ఉంటుంది. బజార్లో సగం తెలుగే. 1936లో ఒడిశా రాష్ట్రంలోకి వెళ్లిందన్నమాటే గానీ, గిడుగు రామమూర్తిగారు పంతులుగా పనిచేసింది ఇక్కడే. ఆయన సవరలను ఇంట్లో ఉంచుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ మింగి వినికిడి పోగొట్టుకున్నారు. 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. నేనేమో రెండ్రోజులుండి టిబెట్ భాషలో నేర్చుకున్నవి రెండు మాటలు. నమస్కారానికి తాషి దేలేక్, ధన్యవాదాలకి థుజేఛే. రెండోది పిన్ని నోట్లో తుమ్మెదగా మారింది.

మర్నాడు పలాస ప్యాసింజరు ఎక్కాం. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు దారి ఇది, ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. చవక, కిటికీ సీటు దొరుకుతుంది, బస్సు కుదుపులు ఉండవు. పెద్దవాళ్లతో ఉంటే కళ్లు మూసుకుని రైలే ఎంచుకోండి. మా పెట్టెలోకి కొండచీపుళ్ల కట్టతో ఒక సవరావిడ ఎక్కింది. "జరగమ్మా" అంది మంచి తెలుగులో. పిన్ని నన్ను చూసి ఫక్కుమంది. ఇద్దరం జరిగాం. కాసేపయ్యాక నేను ఆవిణ్ణి, జరగండి అనడానికి మీ భాషలో ఏమంటారని అడిగాను. ఆవిడ చెప్పింది. రైలు చప్పుడులో సరిగా వినపడక మళ్లీ అడిగాను, మళ్లీ చెప్పింది. మూడోసారి అడిగేసరికి నన్ను ఎగాదిగా చూసి, "చీపురు తీసుకుంటావా, లేదా?" అంది.

రెండు తీసుకున్నాం.