నిక్ డ్రేక్‌ని ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి? మూడింటిలో ఏది మేలు?

ఇంగ్లండ్ గాయకుడు, గిటారిస్ట్ నిక్ డ్రేక్ పేరు ఎత్తినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ఉన్నవి మూడు ఆల్బమ్‌లేగా, ముందు ఏది వినాలి? మూడూ కలిపినా రెండు గంటలు పట్టవు, ఏ వరసలో విన్నా ఒకటే కదా అంటారు. నాకు మాత్రం ఒకటే అనిపించదు. ముందు ఏది విన్నామన్న దాన్ని బట్టి అతను మనకు ఎలాంటి మనిషిగా గుర్తుండిపోతాడన్నది మారిపోతుంది.

ఎక్కువమంది 1972లో వచ్చిన 'పింక్ మూన్'తో మొదలుపెడతారు. అది 28 నిమిషాలే. అందులో గిటార్, గొంతు, మొదటి పాటలో కాస్త పియానో, అంతే. 1971 అక్టోబర్‌లో, ఇంజనీర్ జాన్ వుడ్ ఒక్కడే తోడుగా, రెండు రాత్రుల్లో రికార్డింగ్ ముగించేశాడు. 1999లో ఒక కారు ప్రకటనలో ఈ ఆల్బమ్ టైటిల్ పాట వాడారు, బతికి ఉన్నప్పుడు ఒక్కో ఆల్బమ్ అయిదు వేల కాపీలు కూడా పోని మనిషి పాటల కోసం పాతికేళ్ల తర్వాత జనం వెతుక్కోవడం మొదలైంది. ఆల్బమ్‌గా పింక్ మూన్ గొప్పది, అందులో నాకు సందేహం లేదు. ఇబ్బంది మన వినికిడిలో ఉంది. 1974 నవంబర్‌లో, 26 ఏళ్లకే, డిప్రెషన్ మందు మోతాదు మించి అతను చనిపోయాడు. ఆత్మహత్య అని విచారణలో తేల్చారు, దగ్గరివాళ్లలో కొందరు ఆ మాట ఒప్పుకోలేదు. ఈ సంగతి తెలిసి పింక్ మూన్ వింటే ప్రతి మాటా చావు ముందు రాసుకున్న ఉత్తరంలా వినిపిస్తుంది. నిజానికి ఆ రికార్డింగ్‌కీ ఆ మరణానికీ మధ్య మూడేళ్లున్నాయి, ఆల్బమ్‌లో చివరి పాట 'ఫ్రమ్ ది మార్నింగ్' ఎంత వెలుగున్న పాటో విన్నవాళ్లకు తెలుసు. కానీ మొదటిసారి వినేటప్పుడు ఆ వెలుగు చెవికి ఎక్కదు, విషాదమే ఎక్కుతుంది.

నా లెక్కలో అసలు తేల్చాల్సిన విషయం ఇదే. అతని చావు కంటే ముందు అతని సంగీతం మన చెవిన పడే ఆల్బమ్ ఏది?

నా సమాధానం 1969 నాటి 'ఫైవ్ లీవ్స్ లెఫ్ట్'. అప్పటికి అతనికి 21 ఏళ్లు, ఇంకా కేంబ్రిడ్జ్‌లో సాహిత్యం చదువుతున్నాడు. నోట్లోంచి మాట రాని సిగ్గరి అని అందరూ అంటారు కదా, ఆ సిగ్గరే స్టూడియోలో ఏం చేశాడో చూడండి: నిర్మాత జో బాయిడ్ స్ట్రింగ్స్ (పాట వెనక వయొలిన్, చెల్లో లాంటి తీగ వాద్యాల భాగం) రాయడానికి పేరున్న ఒకాయన్ని పెడితే, ఆ పని నచ్చలేదని చెప్పి, కేంబ్రిడ్జ్‌లో తనతో చదువుకునే స్నేహితుడు రాబర్ట్ కిర్బీని తీసుకొచ్చాడు. స్టూడియో అనుభవం ఏమీ లేని ఆ కుర్రాడు రాసిన స్ట్రింగ్స్‌తోనే 'వే టు బ్లూ' వచ్చింది, అందులో గిటార్ అసలు లేదు, స్ట్రింగ్స్ మీద గొంతు ఒక్కటే నడుస్తుంది. తనకేం కావాలో అంత స్పష్టంగా తెలిసిన మనిషి అతను. ముందు ఆ మనిషిని కలవాలి.

ఇక 'రివర్ మ్యాన్'. దీనికి స్ట్రింగ్స్ రాయడం కిర్బీ వల్ల కాకపోతే హ్యారీ రాబిన్సన్ రాశాడు. పాట అయిదు మాత్రల లెక్కలో నడుస్తుంది, ఖండచాపు తాళం అలవాటున్న మన చెవికి అది వెంటనే దొరుకుతుంది. గిటార్ ఆ అయిదునీ ఎక్కడా తొణక్కుండా తిప్పుతూనే ఉంటుంది, గొంతు మాత్రం దాని పట్టింపే లేనట్టు కాస్త వెనకగా వస్తుంది, ఆ రెంటి మధ్య ఎడంలోనే పాటంతా ఉంది. ఇంత కష్టమైన పనిని ఇంత తేలిగ్గా చేసే కుడి చెయ్యి ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఎంతమందికి ఉందో నాకైతే తట్టదు. 'చెల్లో సాంగ్' వినండి, డానీ థాంప్సన్ బేస్ వినండి, చుట్టూ ఇంతమంది ఉన్నా గిటార్ ఎక్కడా మునగదు.

1971 నాటి 'బ్రైటర్ లేటర్'లో కొన్నిచోట్ల గిటార్ మునుగుతుంది. డ్రమ్స్, శాక్సోఫోన్, 'పూర్ బాయ్'లో వెనక కోరస్, నగరం హడావిడి అంతా ఉంటుంది. పాశ్చాత్య పాప్ బాగా విన్నవాళ్లకు ఇదే తేలిగ్గా ఎక్కుతుంది, అలాంటివాళ్లు దీంతోనే మొదలుపెట్టినా నేను కాదనను. జాన్ కేల్ వాయించిన 'నార్తర్న్ స్కై' కోసమైతే ఆల్బమ్ మొత్తం కొనొచ్చు, అతని పాటల్లో అంత సంతోషంగా ప్రేమను చెప్పింది మరొకటి లేదు. కాకపోతే మాటల్లేని మూడు వాద్య ఖండికల దగ్గర నా ధ్యాస జారిపోతుంది. ఇంత చేసినా ఇది అమ్ముడుపోలేదు, బాయిడ్ తన కంపెనీ అమ్మేసి అమెరికా వెళ్లిపోయాడు, ఆ తర్వాత వచ్చిందే ఒంటరి పింక్ మూన్. ఈ వరస తెలిసి వింటే పింక్ మూన్‌లో ఖాళీ బలహీనతలా అనిపించదు. ఇంత మంది వాయిద్యకారులతో పనిచేసి, వాళ్లెవరూ వద్దని తనే తీసుకున్న నిర్ణయంలా వినిపిస్తుంది.

చనిపోయాక వేసిన సంకలనాలు చాలా ఉన్నాయి, మొదటిసారి వినేవాళ్లకు వాటితో పనిలేదు. 2007లో వచ్చిన 'ఫ్యామిలీ ట్రీ' ఒక్కటి మాత్రం మూడూ అయ్యాక వినండి, అవి ఇంట్లో చేసిన రికార్డింగులు. వాటిలో వాళ్లమ్మ మాలీ డ్రేక్ పియానో మీద పాడిన పాటలు కూడా ఉన్నాయి, కొడుకు స్వరాల నడక ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ తెలుస్తుంది.