లైన్ ప్లాట్ కార్డుల సెట్టు: కొనొచ్చు, 17వ కార్డు సరిచేసుకుంటే

నెల్లూరు ట్రంకు రోడ్డు స్టేషనరీ షాపుల్లో ఎక్కాల చార్టుల పక్కన ఓ పసుప్పచ్చ అట్టపెట్టె కనిపిస్తోంది. తయారుచేసినవాళ్ల పేరు పెట్టె మీద ఎక్కడా లేదు. 'లైన్ ప్లాట్ సెట్టు' అంటే తీసిస్తారు. లైన్ ప్లాట్ అంటే సంఖ్యారేఖ మీద గుర్తులు పేర్చి కొలతలు చూపే బొమ్మ. ధర 280 అని వేసుంది, అడిగితే 250కి ఇస్తారు. లోపల లామినేషన్ చేసిన 24 కార్డులు, తుడిస్తే పోయే మార్కరు ఒకటి, గుండ్రటి స్టిక్కర్ల షీట్లు రెండు, కాగితం స్కేలు, జవాబుల పుస్తకం ఉంటాయి.

మన బడిపుస్తకాల్లో చిన్న తరగతుల పిలకాయలకి గణన చిహ్నాలు, పటచిత్రాలు, కమ్మీ రేఖాచిత్రాలే ఎక్కువ ఎదురవుతాయి. అమెరికాలో చాలా రాష్ట్రాల బడులకి ఉమ్మడి పాఠ్యప్రమాణమైన కామన్ కోర్ లెక్కల్లో మాత్రం లైన్ ప్లాట్ రెండో తరగతిలోనే మొదలు. అక్కడ పూర్ణ సంఖ్యలు, మూడులో అర, పావు, నాలుగైదు తరగతుల్లో అరపావు దాకా పోతుంది. ఇక్కడినుంచి ఆన్‌లైన్‌లో అక్కడి పిల్లలకి ట్యూషన్ చెప్పేవాళ్లకీ, ఇంట్లో లెక్కలు కాస్త ముందుకు నడిపించాలనుకునే అమ్మానాన్నలకీ ఇది పనికొచ్చే సరుకు.

లైన్ ప్లాట్ గీసే సంగతి చిన్నదే. సంఖ్యారేఖ గీసి, ఒక్కో కొలతకి ఆ సంఖ్య మీద ఒక్కో ఇంటూ గుర్తు పెట్టాలి. గీయడం పిలకాయలకి ఒక్క పూటలో వచ్చేస్తుంది. చిక్కంతా చదవడంలోనే. బొమ్మలో రెండు రకాల సంఖ్యలున్నాయి: గీత కింద రాసింది కొలత, గీత పైన గుర్తులు లెక్కపెడితే వచ్చేది ఆ కొలత ఎన్నిసార్లు వచ్చిందనేది. ఈ రెండూ కలిసిపోతే ఏ ప్రశ్నా నిలవదు.

4వ కార్డు ఇందుకు బాగా కుదిరింది. 12 మంది పిల్లలు, ఒక్కొక్కరికి ఎందరు తోబుట్టువులని. 0 మీద రెండు గుర్తులు, 1 మీద ఐదు, 2 మీద నాలుగు, 3 మీద ఏమీ లేదు, 4 మీద ఒకటి. 'మొత్తం పిల్లలెందరు?' అంటే గీత కింది అంకెలు లెక్కబెట్టి ఐదుగురనే వాళ్లుంటారు. 'తోబుట్టువులు మొత్తం ఎందరు?' అంటే కింది అంకెలు కూడి 10 అనేవాళ్లు ఇంకొందరు, గుర్తులు లెక్కపెట్టి 12 అనేవాళ్లు మరికొందరు. సరైన జవాబు 17: ఐదు ఒకట్లు 5, నాలుగు రెండ్లు 8, ఒక నాలుగు 4. 0 మీదున్న ఇద్దరు ఈ కూడికలో ఏమీ కలపరు, పిల్లల లెక్కలో మాత్రం ఉంటారు. ఈ ఒక్క మాట అర్థమైతే సగం పని అయినట్టే. అందుకే ఒక్కో గుర్తునీ వేలితో తాకించి 'ఇదెవరు?' అని అడగండి. 'ఇద్దరు తమ్ముళ్లున్న ఒక పిల్లాడు' లాంటి జవాబు రావాలి. అది రాకుండా ముందుకు పోకండి.

మొదటి పది కార్డుల మీద లేతగా సెంటీమీటరు గళ్లు అచ్చేశారు. గుర్తులు సమాన ఎత్తులో పేరుస్తేనే వరసల పొడవు చూసి పోల్చుకోగలం కాబట్టి ఇది మంచి పని. ఆ మంచిని స్టిక్కర్లు చెడగొట్టాయి. ఎర్రవి 12 మిల్లీమీటర్లు, నీలివి 8. నాలుగు ఎర్రవి పేరిస్తే 48 మిల్లీమీటర్ల ఎత్తు, ఐదు నీలివి పేరిస్తే 40. ఎక్కువున్న వరస పొట్టిగా కనబడుతుంది! ఎర్ర షీటు పక్కన పడేసి నీలివే వాడండి, గడికొకటి చొప్పున. చింతగింజలు పెట్టినా ఇదే గొడవ, అన్నీ ఒక సైజుండవు. ఒకే రకం చొక్కా గుండీలు నయం.

పావు అంగుళాల కార్డుల్లో 17వది తప్పుల తడక. పది పెన్సిళ్ల పొడవులు: 4 అంగుళాలది ఒకటి, 4¼వి మూడు, 4½వి నాలుగు, 5వి రెండు. 4¾ పెన్సిలు లేదని ఆ సంఖ్యనే గీత మీద ఎగరగొట్టేసి, 4½ పక్కన అంతే ఎడంలో 5 వేశారు. కొలత లేకపోయినా చోటు ఉండాల్సిందే. ఆ ఖాళీ కనిపిస్తేనే పొడుగు పెన్సిళ్లు రెండూ మిగతా వాటికి దూరంగా ఉన్నాయని తెలిసేది.

పైగా ఏ పొడవు పెన్సిళ్లు ఎక్కువున్నాయన్న ప్రశ్నకి జవాబుల పుస్తకంలో 4 అనుంది. అది గుర్తుల సంఖ్య. జవాబు 4½ అంగుళాలు. గీత మీద 4 కూడా ఉంది కాబట్టి పుస్తకం చూసి దిద్దుకునే పిల్లకి అనుమానమే రాదు.

సరిచేయడం కష్టమేం కాదు. గీత మీద తెల్లకాగితం అంటించి 8 సెంటీమీటర్ల గీత గీయండి. చివర్లలో 4, 5 రాసి, మధ్యలో రెండేసి సెంటీమీటర్లకి ఒక గాటు. నాలుగు భాగాలంటే నాలుగు గాట్లని పిలకాయలు పొరబడతారు. అప్పుడు ఐదు భాగాలవుతాయి, పావు కాస్తా ఐదో వంతైపోతుంది. గాట్లు మూడే.

కాగితం స్కేలు కూడా చూసి వాడాలి. సున్నా గీత అంచుకి 3 మిల్లీమీటర్లు లోపలుంది. అంచు ఆనించి కొలిస్తే ప్రతి వస్తువూ అరపావు అంగుళం దగ్గరదగ్గరగా తేడా కొడుతుంది. సున్నా గీతకి బయటున్న అంచు కత్తిరించేయండి, లేదా టైలరు టేపు ఇవ్వండి. ఇంట్లో ఉదయగిరి చెక్క గరిటెలు నాలుగు రకాలుంటే పెన్సిళ్లకంటే అవే మేలు, పొడవులు బాగా చెదిరి ఉంటాయి. ముందు కొలతలు జాబితాగా రాయించి, గుర్తు పెట్టినప్పుడల్లా జాబితాలో ఒకటి కొట్టేయించండి. ఆఖర్న గుర్తులన్నీ లెక్కపెడితే గరిటెల సంఖ్యే రావాలి. శీర్షిక, 'అంగుళాలు' అన్న మాట రాయకుండా లేవనివ్వొద్దు.

మార్కరు మూత సరిగ్గా పట్టదు. రాత్రంతా వదిలేసిన రాత గుడ్డకి పోదు, శానిటైజరు చుక్క వేస్తే పోతుంది. మార్కాపురం రాతిపలక, బలపం ఉంటే ఈ తంటా లేదు, పలక మీద గళ్లు మాత్రం స్కేలుతో ముందే గీసిపెట్టాలి.

18 నుంచి 24 దాకా కార్డులు మూడో తరగతి దాకా వాళ్లకి ఇవ్వకండి, అరపావులు ఇరికించేశారు. డబ్బిచ్చే ముందు పెట్టె తెరిపించి 17వ కార్డు చూడండి. కొన్ని పెట్టెల్లో 4¾ వేసి ఉన్న కార్డు వస్తోంది, అది అడిగి తీసుకోండి.