ప్లాంటు మూసేస్తూ పెట్టిన రీస్కిల్లింగ్ (కొత్త పని నేర్పే) సర్వీసు: ఐదుకి రెండున్నర

మా బొగ్గు ప్లాంటు మూసేస్తున్నామని చెప్పిన రెండు నెలలకి మేనేజ్‌మెంట్ ఒక ట్రైనింగ్ ఏజెన్సీని తెచ్చింది. పన్నెండు వారాల సోలార్ కోర్సు, రెజ్యూమె రాసిపెట్టడం, ఇంటర్వ్యూలకి పంపడం, సెటిల్‌మెంట్ డబ్బు మీద సలహా, ఇదీ ప్యాకేజీ. ఏజెన్సీ పేరు రాయను. నేను కోల్ హ్యాండ్లింగ్‌లో కన్వేయర్ బెల్టుల మీద పద్దెనిమిదేళ్ళు పని చేసినవాణ్ణి, కాబట్టి ఇది బెల్టువాడి రివ్యూ అనుకుని చదవండి.

ముందు మంచి చెప్తా. సెటిల్‌మెంట్ డెస్క్‌కి ఐదుకి ఐదు. అక్కడావిడ నా జీతం స్లిప్పు మీద పెన్నుతో ఒక గీత గీసి, "ఈ గీత కింద ఉన్నదంతా నైట్ షిఫ్టు అలవెన్సూ ఓవర్‌టైమూ అండీ, రేపు ఇవేవీ ఉండవు, లోన్ వాయిదా పై సగంతో కట్టగలరో లేదో చూసుకోండి" అంది. ఇన్నేళ్ళుగా జీతం అంటే మొత్తం అంకె చూసుకోవడమే తప్ప ఆ గీత నేనెప్పుడూ గీసుకోలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు గానీ, కారు కొనే ఆలోచన మాత్రం ఆగిపోయింది.

ఇక కౌన్సెలింగ్. కంప్యూటర్లో ఫాం నింపే అబ్బాయి మర్యాదస్తుడే. "మీకేం వచ్చు సార్?" అన్నాడు. బెల్టు జాయింటింగ్ అన్నాను. తెగిన బెల్టు రెండు కొసల్నీ పొర పొరగా మెట్లు మెట్లుగా ఒలిచి, రబ్బరు పెట్టి, వేడి ప్లేట్ల మధ్య బిగించి అతకాలి, వేలెడు తేడా వచ్చిందంటే బెల్టు ఒక పక్కకి లాగేసి బొగ్గంతా కిందపోస్తుంది, ఇదంతా చెప్పాను. అంతా విని, లిస్టులో వెతికి వెతికి, చివరికి 'జనరల్ లేబర్' మీద నొక్కాడు.

సోలార్ కోర్సు చెప్పినాయన నిజంగా బాగా చెప్పాడు. కాకపోతే అందర్నీ ఒకే క్లాసులో కూర్చోబెట్టారు. కరెంటు పని తెలిసిన స్విచ్‌యార్డు వాళ్ళు ఆవలిస్తున్నారు, మేము మల్టీమీటర్ ఎటు పట్టుకోవాలా అని చూస్తున్నాం. అసలు సంగతేంటంటే ప్లాంటు మూతపడ్డా ట్రాన్స్‌ఫార్మర్లూ గ్రిడ్ కనెక్షనూ పనికొస్తాయి, అక్కడే బ్యాటరీలు పెట్టొచ్చు, కొన్నిచోట్ల పాత జనరేటర్‌ని ఆవిరి లేకుండానే సింక్రనస్ కండెన్సర్‌గా తిప్పి వోల్టేజి నిలబెట్టడానికి వాడతారు. అంటే ఎలక్ట్రికల్ వాళ్ళకి ఏదో ఒక దారుంది. బాయిలరు, బొగ్గు పొడిచేసే మిల్లు, యాష్ అంటే బూడిద, బొగ్గు, ఈ పనులవాళ్ళం, మాకు లేదు. ఎక్కువ సాయం కావలసింది మాకే కదా, అందరికీ ఒకే మందు ఇస్తే ఎలా?

నాకొచ్చిన ఇంటర్వ్యూ దూరప్రాంతంలో ఆరు నెలల ప్యానెళ్ళ బిగింపు పనికి. కట్టడం అయిపోతే సోలార్‌లో మిగిలేది కొద్దిమందే. ఏజెన్సీ రిపోర్టులో మాత్రం అది 'ప్లేస్‌మెంట్' కిందే లెక్క.

కాంట్రాక్టు వాళ్ళని లోపలికే రానివ్వలేదు. యాష్ లైన్లు చూసినవాళ్ళు, పైపులకి వేడి పోకుండా లాగింగ్ కట్టినవాళ్ళు, మాతోపాటే దుమ్ము పీల్చినవాళ్ళు, ఆఖరి రోజు గేట్ పాస్ తీసేసుకుని పంపేశారు. ఒక స్టార్ ఇక్కడే పోయింది.

టైమింగ్ కూడా అంతే, మూసేస్తామని ఎంత ముందు చెప్తారన్నదే అసలు తేడా. ఆస్ట్రేలియాలో హేజల్‌వుడ్ బొగ్గు ప్లాంటు మూసివేత 2016 నవంబరులో ప్రకటించి 2017 మార్చికల్లా ఆపేశారు, ఐదు నెలలు. అదే దేశంలో లిడెల్ ప్లాంటు సంగతి 2015లోనే చెప్పారు, ఆగింది 2023 ఏప్రిల్లో. ఎనిమిదేళ్ళుంటే పిల్లల చదువు, ఇల్లు, అన్నీ సర్దుకోవచ్చు. హేజల్‌వుడ్‌లో ఒక్కటి మాత్రం నాకు నచ్చింది, పక్క ప్లాంట్లలో పెద్దవయసు వాళ్ళు ముందే రిటైరైతే ఆ సీట్లు వీళ్ళకిచ్చే స్కీము. జర్మనీ 2020 చట్టంతో 58 దాటిన బొగ్గు కార్మికులకి పెన్షన్ వచ్చేదాకా ఐదేళ్ళవరకు డబ్బిచ్చే ఏర్పాటు చేసింది. యాభై తొమ్మిదేళ్ళాయన్ని ప్యానెల్ మోయమనడం కన్నా అది నయం.

ఊరివాళ్ళ కోసం ఒక మధ్యాహ్నం మీటింగ్ పెట్టారు. గదులు అద్దెకిచ్చే ఆవిడ లేచి, "ఏటా ప్లాంటు ఆపి చేసే ఓవర్‌హాల్ రిపేర్లకి వందలమంది వచ్చి నెలరోజులు ఉండేవాళ్ళు, సోలార్‌కి ఎవరొస్తారు బాబూ?" అని అడిగింది. ఆ ప్రశ్నని పసుపు కాగితం మీద రాసి గోడకంటించారు. అంతే, జవాబు లేదు. దక్షిణాఫ్రికాలో కొమాటి ప్లాంటుని 2022 అక్టోబరులో ఆపినప్పుడు ప్రపంచ బ్యాంకు 497 మిలియన్ డాలర్లు మంజూరు చేసింది, అయినా కొత్త పనులు రాకముందే పాతవి పోయాయన్న విమర్శ అక్కడా గట్టిగానే వినిపించింది.

మీ ప్లాంటుకీ ఇలాంటి సర్వీసు వస్తే మొదటిరోజే సెటిల్‌మెంట్ డెస్క్‌లో పేరు రాయించుకోండి, తర్వాత స్లాట్లు దొరకవు. కోర్సు సర్టిఫికెట్ బయట ఎవరు ఒప్పుకుంటారో రాతపూర్వకంగా అడగండి. నేనైతే ఇప్పుడు ఒక పోర్టులో బెల్టులు అతుకుతున్నాను, జీతం తక్కువే, నైట్ షిఫ్టు లేదు. పోర్టుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో కూడా కన్వేయర్లుంటాయి కదరా అని నాకు గుర్తుచేసింది ఏజెన్సీ కాదు, మా పాత ఫోర్‌మన్.