ఒంగోల్లో సాంబ్రాణి పొగ వేసి ఇల్లు చూపించే ఆయనతో జాగ్రత్త

కర్నూలు రోడ్డు పక్క సందుల్లో ఇళ్ళు చూపించే మధ్యవర్తి ఎవరో మీలో సగంమందికి తెలుసు, పేరు రాయను. ఆయన ద్వారా కింద వాటా కొన్నాం. లోను, రిజిస్ట్రేషను, గృహప్రవేశం అన్నీ అయిపోయాయి, ఆ సోదంతా ఇప్పుడెందుకు.

మొదటి వానకే బయటపడింది. తలుపులు మూసి ఏసీ వేసుకుంటే చాలు, తెల్లారేసరికి పెట్రోలు వాసన, తలనొప్పి. స్కూటర్ లీకవుతోందేమోనని తీసుకెళ్ళి వీధిలో పెట్టాను. తగ్గలేదు. చివరికి బీరువా జరిపి, నేల మీద బోర్లా పడుకుని టైల్స్ సందులో ముక్కు పెట్టాను. బండి ట్యాంకు మూత తీస్తే గుప్పుమంటుందే, అదే వాసన!

ఎదురు సైకిల్ షాపు తాతని అడిగితే నవ్వాడు. "ఇక్కడ బంకు ఉండేది గదయ్యా, తెలీదా?"

నాకెలా తెలుస్తుంది? తెలివిగా ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన పాత లావాదేవీలు చూపించే కాగితం) 13 ఏళ్ళకే తీయించాను మరి. బంకు అంతకు ముందెప్పుడోది.

తెలిసిన ఇంజినీరు వచ్చి చూశాడు. పాత ట్యాంకులోంచి కారిన పెట్రోలు మట్టిలో ఏళ్ళ తరబడి ఉండిపోతుందట. దాని ఆవిరి ఫ్లోరింగు పగుళ్ళలోంచి, పైపుల చుట్టూ సందుల్లోంచి ఇంట్లోకి ఎక్కుతుంది. చుట్టూ నేల వానకి నానితే, పొడిగా ఉన్న ఇంటి అడుగే దానికి దారి. అందులో బెంజీన్ ఉంటుంది, క్యాన్సర్ తెచ్చే రకం. టైల్స్ మార్చినంత మాత్రాన ఆగదు. నేల కిందికి పైపు దించి, ఫ్యానుతో ఆ గాలిని లాగి డాబా మీదికి వదలాలన్నాడు.

మధ్యవర్తికి ఫోన్ చేశాను. "కొన్నాళ్ళు అలాగే ఉంటుంది సార్, సాంబ్రాణి వెయ్యండి" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఇల్లు చూడటానికి వెళ్ళిన రెండుసార్లూ కిటికీలు బార్లా, ఫ్యాన్లు ఫుల్లు, హాల్లో సాంబ్రాణి పొగ. ఎంత భక్తిపరుడో చూడు అని మా ఆవిడతో అన్నది నేనే. ఆవిడ రోజుకోసారి గుర్తు చేస్తోంది. పెట్రోలు ఆవిరి లేస్తున్న ఇంట్లో నిప్పులు పెట్టమంటున్నాడు మహానుభావుడు! బంకు సంగతి ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "మీరు అడగలేదుగా సార్" అని ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు.

ఈసీ 30 ఏళ్ళకి తీయించండి. వీధిలో పాతవాళ్ళని అడగండి. వాన పడిన మర్నాడు వెళ్ళి, తలుపులు మూయించి ఓ అరగంట కూర్చోండి.

మా పక్క వాటా ఇంకా అమ్మలేదు. ఈ ఆదివారం ఎవరికో చూపిస్తున్నాడట.