తాతగారి ట్వెల్వ్ బోర్ తుపాకీ, తొమ్మిదేళ్లుగా వాడుతున్న శుభ్రపరిచే సెట్

తాతగారి నుంచి నాన్నగారికి, ఆయన నుంచి నాకు వచ్చిన జంట గొట్టాల ట్వెల్వ్ బోర్ తుపాకీని తొమ్మిదేళ్లుగా ఒకే సెట్‌తో శుభ్రం చేస్తున్నాను. ఇందులో మూడు ముక్కలుగా బిగించుకునే కర్ర కడ్డీ, ఫాస్ఫర్ బ్రాంజ్ బ్రష్, గుడ్డపీలిక పట్టే ఇత్తడి కొన, ఊలు కుచ్చు, నూనె సీసా ఉన్నాయి.

అన్నింటిలోకీ మేలైనది బ్రష్. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకున్నాక గొట్టాలను విడదీసి, తూటా పెట్టే వైపు నుంచి బ్రష్‌ను దూర్చి, మూతి బయటికి పూర్తిగా వచ్చేదాకా తోయాలి. మధ్యలో వెనక్కి లాగితే పోచలు వంగిపోతాయి. మొదటిసారి శుభ్రం చేయకముందు గొట్టాల లోపల అద్దంలా మెరుస్తుంటే ఎంతో సంతోషించాను. అయితే ఆ మెరుపు ఎండిపోయిన పాత నూనెది. అదీ, దాని కింది సీసపు చారలూ వదిలాక, ఎడమ గొట్టంలో మూతికి జానెడు దూరాన తుప్పు తిన్న సన్నని గుంటలు బయటపడ్డాయి.

తాతగారు కాల్చిన ప్రతిసారీ నూనె రాసేవారని ఇంట్లో అందరికీ తెలుసు కనుక ఆ గుంటలు నన్ను చాలా బాధపెట్టాయి. పాతకాలపు తూటాల ప్రైమర్లలో, అంటే తూటా మందును అంటించే అడుగు టోపీలలో, పొటాషియం క్లోరేట్ ఉండేదని, అది మండాక మిగిలే ఉప్పు తేమను పీల్చుకుంటుందని, నీటిలో తప్ప నూనెలో కరగదని తరువాత తెలిసింది. అలాంటి తూటాలు కాల్చిన గొట్టాన్ని ముందు వేడినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తరువాతే నూనె పూయాలి. ఆయన శ్రద్ధలో లోపమేమీ లేదు.

సొట్టలు పట్టుకోవడానికి ఈ సెట్‌లో ఏ సాధనమూ లేదు. గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి చూస్తే చట్రం నీడ లోపల సన్నని గీతలా సాగుతుంది. గొట్టాన్ని మెల్లగా తిప్పుతున్నప్పుడు ఆ గీత ఎక్కడ వంకర తిరిగితే అక్కడ సొట్ట ఉన్నట్లు. నాకు ఒకటి అలాగే కనిపించింది. తుపాకులు బాగుచేసే నిపుణుడు గోడ మందం కొలిచి, సొట్ట సరిచేసి ఇచ్చేదాకా దాన్ని కాల్చలేదు. గొట్టంలో తూటా కూర్చునే గది, అంటే ఛాంబర్, పొడవు కూడా ఆయన చేతే కొలిపించాను, ఎందుకంటే 65 మిల్లీమీటర్ల పాత ఛాంబర్‌లో 70 మిల్లీమీటర్ల తూటా సాఫీగానే పడుతుంది గానీ, పేలినప్పుడు దాని ముందు కొసన ఉన్న మడత విచ్చుకునేందుకు చోటు చాలక పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది.

సెట్‌తో వచ్చిన సూచనల పత్రం నూనె ధారాళంగా పోయమంటుంది. దానితో నేను ఏమాత్రం ఏకీభవించను. ఎక్కువైన నూనె కిందికి జారి, ఇనుముతో కలిసేచోట పిడి కర్రలోకి ఇంకి దాన్ని నల్లబరిచి మెత్తబరుస్తుంది. మా తుపాకీకి అప్పటికే ఆ మచ్చ ఉంది. అందుకే గుడ్డకు రెండు చుక్కలు అద్ది తుడిచి, ఆ రాత్రి తుపాకీని తాళం వేసిన బీరువాలో మూతి కిందికి ఉండేలా నిలబెడతాను.

ఐదో ఏట కడ్డీ ఇత్తడి అతుకు ఒకటి వదులైతే జిగురుతో బిగించాను, మళ్లీ కదలలేదు. బ్రష్‌ను రెండుసార్లు మార్చాను. ఊలు కుచ్చు మాత్రం మొదటిదే.