ఆరేళ్లు వాడాక చెప్తున్నా: స్టూడెంట్లకు గైనిక్, హెచ్‌ఐవీ టెస్టు, గర్భనిరోధక సేవలు ఎలా ఉన్నాయంటే

ఇది ఏ ఒక్క ఆసుపత్రి మీదో రాస్తున్న రివ్యూ కాదు. 2019లో డిగ్రీకి విజయవాడ హాస్టల్‌కి వచ్చాను, తర్వాత గుంటూరులో పీజీ, ఇప్పుడు అక్కడే రీసెర్చ్. ఈ ఆరేళ్లలో పీరియడ్స్ సమస్య దగ్గర్నుంచి హెచ్‌ఐవీ టెస్టు దాకా పెళ్లికాని అమ్మాయి ఎక్కాల్సిన మెట్లన్నీ ఎక్కాను. కొన్ని నా కోసం, కొన్ని రూమ్మేట్ల కోసం, ఒకటి మా జూనియర్ కోసం. పేర్లు రాయను, రాస్తే ఎవరు ఎవరో తెలిసిపోతుంది.

మొదట కాలేజీ హెల్త్ సెంటర్. జ్వరం అంటే డోలో, కడుపు నొప్పి అంటే మెఫ్టాల్ స్పాస్, ఇంకేదైనా అంటే "వార్డెన్‌కి చెప్పావా?" అంతే. నెలసరి రెండు నెలలుగా రాలేదని చెప్పడానికి వెళ్తే, రిజిస్టర్ రాసే ఆయన పది మంది ముందు ప్రాబ్లం ఏంటో గట్టిగా చెప్పమన్నాడు. తలనొప్పి అని చెప్పి మాత్ర తీసుకుని వచ్చేశాను. ఐదు మార్కులకి ఒకటి, ఆ ఒకటి కూడా మాత్ర ఫ్రీ కాబట్టి.

అక్కణ్ణుంచి అమ్మతో కలిసి సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు క్లినిక్‌కి. విజయవాడ వాళ్లకి తెలుసు కదా, ఆ వీధుల్లో ఇంటికొక డాక్టరు బోర్డు ఉంటుంది. కూర్చోగానే "పెళ్లయిందా?" "లేదండి." అంతే, ఇంక ఏ ప్రశ్నా లేదు. స్కానింగ్, పీసీఓడీ (అండాశయాల సమస్య) అని పేరు, మూడు నెలల మందులు, "పెళ్లయితే అదే సర్దుకుంటుందిలే" అని అమ్మకు ధైర్యం. డెబ్బై రోజులు డేట్ రాని అమ్మాయికి ముందుగా చేయించాల్సింది ప్రెగ్నెన్సీ టెస్టు అని నాకు తర్వాత తెలిసింది. పెళ్లి కాలేదన్నానుగా, ఆ టెస్టు ఆ డాక్టరు రాయనే లేదు. నాకు ఆ అవసరం లేదనుకోండి, ఉన్న అమ్మాయి అయితే ఏమయ్యేది?

ఏడాది తర్వాత గుంటూరు కొత్తపేటలో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆవిడ ముందు అమ్మను "రెండు నిమిషాలు బయట కూర్చోండమ్మా" అని పంపింది. తర్వాత నాతో "పెళ్లి సంగతి నాకక్కర్లేదు, ఫిజికల్ రిలేషన్ ఉందా లేదా చెప్పు, సరైన టెస్టులు రాయడానికే అడుగుతున్నా" అంది. ఆ ఒక్క వాక్యం కోసం ఐదు వందల ఫీజు ఇవ్వొచ్చు అనిపించింది. హెచ్‌పీవీ టీకా గురించి చెప్పింది కూడా ఆవిడే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ముఖ్య కారణం హెచ్‌పీవీ అనే వైరస్. పదిహేను దాటినవాళ్లకి మూడు డోసులు, మొదటిది వేసుకున్నాక రెండో నెలలో ఒకటి, ఆరో నెలలో ఒకటి. శారీరక సంబంధం మొదలవక ముందు వేసుకుంటే బాగా పనిచేస్తుంది, తర్వాత వేసుకున్నా ఉపయోగమే. నేను సీరం వాళ్ల సెర్వావాక్ వేయించుకున్నా, మూడూ కలిపి ఆరు వేలు. హాస్టల్ మెస్ బిల్లు రెండు నెలలు వెనక్కి జరిగింది. ఈ డాక్టరుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తీశానంటే, క్లినిక్‌లో సాయంత్రం ఆరు తర్వాత నంబర్ దొరకదు, మనకేమో హాస్టల్ గేటు ఎనిమిదికి పడిపోతుంది.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఆ డాక్టరు రాసిన థైరాయిడ్, ప్రొలాక్టిన్, బీటా హెచ్‌సీజీ (గర్భం ఉందో లేదో చూసే రక్తపరీక్ష) ఒక ప్రైవేటు ల్యాబులో ఇచ్చాను. అంతకు ముందెప్పుడో డెంగీ టెస్టుకి అదే ల్యాబులో నాన్న ఫోన్ నంబరు ఇచ్చిన సంగతి మర్చిపోయాను. రిపోర్టు లింకు నేరుగా నాన్నకి వెళ్లింది. అన్నీ నార్మలే, బీటా హెచ్‌సీజీ అంటే ఏంటో నాన్నకి తెలియదు కూడా, కానీ ఆయన దాన్ని వాళ్ల ఆఫీసు ఫ్రెండుకి ఫార్వర్డ్ చేసి "ఇదేం టెస్టు?" అని అడిగారు. ఆ వారం నేను పడ్డ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు. బిల్లు వేసే ముందు "ఏ నంబరు ఉంది?" అని అడిగి మార్పించుకోండి.

ఇప్పుడు అందరూ తక్కువగా చూసేది: పెద్దాసుపత్రి. గైనిక్ ఓపీలో గంటన్నర నిలబడాలి, చీటీ రాసే దగ్గర "భర్త పేరు?" అనే అడుగుతారు, ఒకే గదిలో ఇద్దరు డాక్టర్లు, ఆరుగురు పేషెంట్లు, పక్కావిడ చెప్పేది మీకు, మీరు చెప్పేది పక్కావిడకి. అది రెండే. కానీ అదే ఆసుపత్రి కాంపౌండులో హెచ్‌ఐవీ టెస్టు చేసే ఐసీటీసీ గది ఉంటుంది చూడండి, నా ఆరేళ్లలో అంత పద్ధతిగా నన్ను చూసిన చోటు ఇంకోటి లేదు. తలుపు వేసి ఉంటుంది, లోపల కౌన్సెలర్ ఒక్కరే. పేరు, వయసు రాసుకుని ఒక నంబరు ఇస్తారు, శాంపిల్ సీసా మీద ఆ నంబరే. ఎందుకు వచ్చావని అడిగారుగానీ ఎవరితో అని అడగలేదు. పైసా తీసుకోలేదు. రిజల్టు కూడా మళ్లీ తలుపు వేసే చెప్పారు. రిస్కు జరిగి ఎన్నాళ్లయిందో అడిగి, మూడు నెలలు నిండలేదు కాబట్టి నిండాక ఇంకోసారి రమ్మన్నారు. రిస్కు జరిగి 72 గంటలు దాటకపోతే హెచ్‌ఐవీ రాకుండా 28 రోజులు వాడే మందులు కూడా ఉంటాయని, అందుకని సిగ్గుపడి నాన్చకూడదని అన్నారు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం నా అనుమతి లేకుండా టెస్టు చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. అందరూ ఎక్కువ భయపడే జబ్బుకి ఇంత గుట్టు పాటిస్తుంటే, నెలసరికి వచ్చిన పిల్లని మాత్రం పది మందిలో నిలబెట్టి అడుగుతారు. ఐదుకి ఐదు. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే 1097 టోల్‌ఫ్రీ.

అబ్బాయిలకి కూడా ఇదే చెప్తున్నా. మా క్లాసులో ఒకడు మంటగా ఉందని మూడు వారాలు ఎవరికీ చెప్పక, గోడ మీద పోస్టరు చూసి లాడ్జిలో కూర్చునే "గుప్తరోగ వైద్యుడి" దగ్గర నాలుగు వేలు పోగొట్టుకున్నాడు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటి జబ్బులకే ఉండే సురక్ష క్లినిక్‌లో ఆ మందులు ఉచితం.

ఐ-పిల్ గురించి, అదే కలిశాక గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర గురించి, చాలామంది అడిగారు. వాడాను, ఒకసారి. మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తారు, పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టి మరీ. కలిసిన 72 గంటలలోపు, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. ఆ నెల డేట్ అటూఇటూ అవుతుంది, మూడు వారాల్లో రాకపోతే ప్రెగ్నెన్సీ కిట్‌తో చూసుకోవాలి. అప్పటికే వచ్చిన గర్భాన్ని అది తీసేయదు, జబ్బుల్ని అసలు ఆపదు. నెలనెలా దాన్నే వాడేవాళ్లని హాస్టల్లో చూశాను, ఆ డబ్బుతో కండోములు కొనుక్కోండమ్మా.

రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్ర గుర్తుండని నాలాంటి వాళ్లకి ప్రభుత్వం ఛాయ అనే మాత్ర ఇస్తుంది, హార్మోను లేనిది, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ కూడా ఉంది. రెండూ ఉచితం. పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఛాయ అడిగితే ఏఎన్ఎం గారు మంచావిడే, ఇవ్వనని అనలేదు, పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని ఆగిపోయింది. "ఇందులో దంపతుల లెక్కే ఉంటుందమ్మా, నిన్నెక్కడ రాయను?" అంది. నిజమే, కిశోర ఆరోగ్య కార్యక్రమం 19 ఏళ్లకి ఆగిపోతుంది, కుటుంబ నియంత్రణ పుస్తకమేమో పెళ్లితో మొదలవుతుంది. మధ్యలో ఉన్న ఇరవై, ఇరవై మూడేళ్ల స్టూడెంట్ ఏ పుస్తకంలోనూ లేదు. మాత్రలు ఇచ్చింది, ఎక్కడ రాసిందో నేను చూడలేదు.

ఇక మా జూనియర్. వయసు ఇరవై, గర్భం ఏడో వారం. ఒక మెడికల్ షాపతను చీటీ లేకుండా అబార్షన్ మందుల కిట్ ఇస్తానని మూడింతల రేటు చెప్పాడు. ఆ మందులు డాక్టరు చూడకుండా వేసుకుంటే రక్తస్రావం ఎంత అవుతుందో, గర్భం ట్యూబులో ఉందో లేదో ఎవరు చూస్తారు? వద్దన్నాను. ఒక ప్రైవేటు నర్సింగ్ హోం వాళ్లు భర్త సంతకమో తండ్రి సంతకమో కావాలన్నారు. చివరికి ఇందాక రెండు మార్కులిచ్చిన ప్రభుత్వ ఓపీలోనే ఒక డ్యూటీ డాక్టరమ్మ అబార్షన్‌కి ఒప్పుకుంటూ సంతకం పెట్టే ఫారం సి దాని చేతికిచ్చి, "పద్దెనిమిది నిండాయిగా, సంతకం నీదే, ఇంకెవరిదీ అక్కర్లేదు" అంది. చట్టం కూడా అదే. అబార్షన్ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత గర్భనిరోధకం విఫలమైందన్న కారణం పెళ్లికాని వాళ్లకీ వర్తిస్తుంది, ఇరవై వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు, పేరు బయటపెట్టకూడదు. 2022లో సుప్రీంకోర్టు ఇరవై నుంచి 24 వారాల మధ్య చేసే అబార్షన్ విషయంలోనూ పెళ్లికాని వాళ్లని వేరుగా చూడొద్దంది. పద్దెనిమిది నిండకపోతే మాత్రం లెక్క వేరు, పోక్సో కింద ఆసుపత్రి పోలీసులకి చెప్పాల్సి ఉంటుంది. బయటికొచ్చాక అది చెట్టు కింద కూర్చుని బిర్యానీ తినాలనుందని ఏడ్చింది. తినిపించాను. ఆ ఓపీకి రెండు నుంచి మూడుకి పెంచుతున్నాను, ఆ రోజు ఆ డాక్టరమ్మ డ్యూటీలో లేకపోతే ఏమయ్యేదో తెలీదు కాబట్టి అంతకు మించి ఇవ్వలేను.

ఇప్పుడు ఆడవాళ్లకి ఆర్టీసీ ఫ్రీ కాబట్టి గుంటూరు నుంచి విజయవాడకి వెళ్లి చూపించుకునే వాళ్లు పెరిగారు. తెలిసినవాళ్లు కనబడని ఊరు కావాలి కదా, అదీ కారణం.

కాలేజీ హెల్త్ సెంటర్ మీద మేం నలభై మందిమి సంతకాలు పెట్టి లెటర్ ఇచ్చాం. లేడీ డాక్టరుని వేశారు. మంగళవారం, శుక్రవారం, రెండు నుంచి నాలుగు. సరిగ్గా మా ల్యాబ్ టైము.