నాగసంద్ర ఐకియాలో పాక్స్ వార్డ్‌రోబ్: పట్టుచీరలున్న ఇంటికి సరిపోతుందా?

పెట్టె మంచిదే. డబ్బు వృథా అయ్యేది లోపలి సామాను ఎంచుకోవడంలో. షోరూములో అలంకరించి పెట్టిన వార్డ్‌రోబ్ కోట్లు, జాకెట్లు తగిలించుకునేవాళ్ల కోసం సర్దింది. మన ఇళ్లలో సగానికి పైగా మడత బట్టలే. ఆ బొమ్మ చూపించి "ఇలాగే కావాలి" అని రాయించుకుంటే రాడ్లు ఎక్కువై, అరలు తక్కువై, ఆర్నెల్లకి చీరలు మళ్లీ పాత బీరువాలోకే చేరతాయి.

బెంగళూరు ఐకియా 2022లో తెరిచారు. నాగసంద్ర మెట్రో స్టేషన్ పక్కనే కాబట్టి చూసి రావడానికి గ్రీన్ లైన్ చాలు. పాక్స్ అని అమ్మేది ఖాళీ ఫ్రేము మాత్రమే. అరలు, రాడ్లు, డ్రాలు కాంప్లిమెంట్ అనే పేరుతో విడిగా ఉంటాయి, తలుపులూ విడిగానే కొనాలి. ఫ్రేము ధర చూసి కార్పెంటర్ కంటే చవక అనుకుంటే బిల్లు దగ్గర బిత్తరపోతారు. అన్నీ కలిపి లెక్కేశాకే పోల్చండి.

ముందు ఎత్తు సంగతి. ఫ్రేము 201, 236 సెంటీమీటర్ల ఎత్తుల్లో వస్తుంది. మన అపార్టుమెంట్ల పడగ్గదుల్లో అటక సుమారు ఏడడుగుల దగ్గర ఉంటుంది, అంటే 213 సెంటీమీటర్లు. కాబట్టి అటక కింద పెట్టాలంటే 236 పట్టదు, 201 ఒక్కటే దారి. అయితే ఫ్రేముని నేల మీద పడుకోబెట్టి బిగించి, తర్వాత నిలబెడతారు. 58 లోతున్న ఫ్రేము లేచేటప్పుడు మూల నుంచి మూలకి 209 సెంటీమీటర్లు వస్తుంది. నాలుగు సెంటీమీటర్ల తేడాతో అటకకి గీతలు పెట్టుకోవడం ఎందుకు, గది మధ్యలో నిలబెట్టి లోపలికి జరపండి. 236 ఫ్రేముకి ఆ మూల కొలత 243. సీలింగుకి తగలదు గానీ ఫ్యాను రెక్కలకి తగలొచ్చు. స్విచ్ ఆపితే సరిపోదు, ఫ్యానుకి దూరంగా లేపండి. డెలివరీకి ముందు లిఫ్టు లోపలి ఎత్తు కూడా కొలవండి, 236 పలక నిలువుగా పట్టని లిఫ్టులు చాలానే ఉన్నాయి.

లోతు రెండు రకాలు, 58, 35. హ్యాంగరు వెడల్పు 42 నుంచి 45 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి అడ్డంగా తగిలించాలంటే 58 కావాలి. మంచానికీ గోడకీ మధ్య నడిచే దారే లేని చిన్న గదిలో మాత్రం 35 లోతు ఫ్రేముని చీరలకి కేటాయించడం తెలివైన పని. అడుగు వెడల్పున మడిచిన చీర అందులో హాయిగా కూర్చుంటుంది, ఒక వరస వెనక ఇంకో వరస దాగి మర్చిపోయే బాధ ఉండదు.

పాక్స్‌కి అసలు బలం పక్క పలకల్లో 32 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున ఉన్న రంధ్రాలు. ఎనిమిది రంధ్రాలకి ఒక అర వేస్తే సుమారు పాతిక సెంటీమీటర్ల ఎడం వస్తుంది. పట్టుచీరలకి ఇంతకంటే ఎక్కువ వద్దు. దొంతరకి ఆరేడు చీరలు, 100 వెడల్పు ఫ్రేములో మూడు దొంతరలు, అంటే అరకి ఇరవై చీరలు. రెండడుగుల ఎత్తు అర ఇస్తే పదిహేను చీరలు పేర్చేస్తాం, అడుగునున్నది లాగితే గోపురం కూలుతుంది, పైగా ఆ బరువుకి కింది చీర జరీ మడత దగ్గర విరుగుతుంది. బరువు కూడా చిన్నదేం కాదు. చీరకి ముప్పావు కేజీ వేసుకున్నా అరకి 15 కేజీలు. అందుకే ఎక్కువ పట్టుచీరలున్నవాళ్లు 100 బదులు 75 వెడల్పు తీసుకోవడం మేలు. అర పొడుగు తగ్గినకొద్దీ మధ్యలో వంగడం తగ్గుతుంది.

తగిలించే బట్టలకి కొలతలివి: చొక్కాలు, కుర్తీలకి సుమారు 100, మడిచి వేసిన ప్యాంట్లకి 80, అనార్కలీలకి 145 సెంటీమీటర్లు. దీన్నిబట్టి 201 ఫ్రేములో రెండు వరసల చొక్కాలు పట్టవు. పైన చొక్కాలు, కింద ప్యాంట్లు అయితే పడతాయి. 236లో రెండు వరసలూ చొక్కాలే పెట్టుకోవచ్చు. నూలు చీరలు తగిలించాలనుకుంటే చీర పన్నా 45 అంగుళాలు కాబట్టి హ్యాంగరు మీద సగానికి వేలాడేది 23 అంగుళాలు. కొక్కెంతో కలిపి 75 సెంటీమీటర్లు ఇస్తే చాలు. బరువైన జరీ చీరల్ని మాత్రం హ్యాంగరుకి వేయకండి, మడత దగ్గర బరువంతా పడుతుంది.

తలుపుల్లో మా ఓటు తెరుచుకునే వాటికే. జరిగే తలుపులు పెడితే తలుపులతో కలిపి వార్డ్‌రోబ్ లోతు 60 బదులు 66 అవుతుంది, ఒకసారికి సగమే కనబడుతుంది. డ్రాలున్న ఫ్రేము సరిగ్గా రెండు తలుపులూ కలిసేచోట పడిందా, ఆ డ్రా ఇక పూర్తిగా బయటికి రాదు. తెరుచుకునే తలుపులకీ ఒక చిక్కుంది. పక్క గోడకి ఆనించేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోక డ్రా దానికి రాసుకుంటుంది. గోడకి నాలుగైదు సెంటీమీటర్లు వదలండి.

బిగించేటప్పుడు తొందరపడితే చెడేది వెనక పలక దగ్గరే. అది ఫ్రేముని చదరంగా పట్టి ఉంచే భాగం. మేకులు కొట్టకముందు రెండు మూలల కొలతలూ టేపుతో చూడండి. 201×100 ఫ్రేముకి రెండూ 224 పైచిలుకు రావాలి, సమానంగా రావాలి. అర సెంటీమీటరు తేడా ఉన్నా తర్వాత తలుపులు ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా నిలబడతాయి. అప్పుడు హింజి స్క్రూలు ఎంత తిప్పినా ఫలితం ఉండదు. గోడకి బిగించడం తప్పనిసరి, పిల్లలున్న ఇంట్లో మరీను. గోడ స్క్రూలు ప్యాకెట్లో రావు, ఎందుకంటే గోడలు అన్నీ ఒకటి కావు. కాంక్రీటు గోడకి హ్యామర్ డ్రిల్లు కావాలి, బోలు ఇటుకైతే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు గిర్రున తిరుగుతుంది, దానికి తగ్గ ప్లగ్గు హార్డ్‌వేర్ షాపులో అడగండి. ఇంకొకటి: మన టైల్ స్కర్టింగు గోడకంటే సెంటీమీటరు దాకా ముందుకి ఉంటుంది, ఫ్రేము కింద ఆనుతుంది గానీ పైన ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో ప్లైవుడ్ ముక్క పెట్టకుండా స్క్రూ బిగిస్తే ఫ్రేమే వంగుతుంది.

ఇక లోపం. పాక్స్ పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక. రోజూ తడిగుడ్డతో నేల తుడిచే ఇంట్లో దానికి గండం అడుగు పలకే. నీరు ఒకసారి అంచులోకి పోతే ఉబ్బుతుంది, ఉబ్బినది మళ్లీ దిగదు. నేలకి తగిలే అంచంతా సిలికాన్ పూయండి, ఆ మూడంగుళాల మేర పొడిగుడ్డతోనే తుడవమని పనిమనిషికి చెప్పండి. బాత్రూము గోడకి ఆనించాల్సివస్తే ముందు ఆ గోడకి రెండడుగుల పాలిథీన్ షీటు నాలుగువైపులా టేపు వేసి ఒక రోజు ఉంచండి. లోపల చెమ్మ బిందువులు కనిపిస్తే ప్లంబరు పని ముందు, వార్డ్‌రోబ్ తర్వాత. అటువంటి గోడ తప్పనివాళ్లు కార్పెంటర్‌తో ఐఎస్ 710 ముద్ర (నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గుర్తు) ఉన్న 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేయించుకోవడమే నయం. అక్కడ రేటు ముందు భాగపు చదరపు అడుగుల మీద చెబుతారు. డ్రాలు, అటక తలుపులు అందులో కలిశాయో లేదో ముందే రాయించుకోండి.

నిర్వహణ ఏడాదికి రెండుసార్లు, వానలయ్యాక దసరా ముందు ఒకసారి, ఉగాదికి ఒకసారి. అంతా ఖాళీ చేసి పొడిగుడ్డతో తుడిచి, స్క్రూలు చూసి, పట్టుచీరల్ని నీడలో గాలికి ఆరబెట్టి మడత మార్చండి. పాత పంచె ముక్కలో చుట్టండి, ప్లాస్టిక్ కవర్లో వద్దు. కలరా ఉండలు జరీకి తగిలితే రంగు మారుతుంది, లవంగాల మూట చాలు. పార్టికల్ బోర్డులో స్క్రూ రంధ్రం వదులైతే లావు స్క్రూ దూర్చకండి. ఫెవికాల్ పూసిన అగ్గిపుల్లలు కొట్టి, ఒక రోజు ఆరనిచ్చి అదే స్క్రూ ఎక్కించండి.

అద్దె ఇల్లు అయి, గోడలోనే అల్మరా ఉంటే పాక్స్ జోలికి వెళ్లొద్దు. విప్పి బిగించిన ప్రతిసారీ రంధ్రాలు వదులవుతాయి. ఉన్న అల్మరాలోకి ఐకియాలోనే స్కబ్ పేరుతో అమ్మే గుడ్డ పెట్టెలు తెచ్చుకోండి, అల్మరా లోతు కొలుచుకుని మరీ. పాక్స్ కోసం చేసిన పెద్దవి 55 సెంటీమీటర్ల లోతుంటాయి, బిల్డరు కట్టిన అల్మరాలో తలుపు పడనివ్వవు.